పద్దు నంబరు లేని డబ్బు: తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి జెండర్ బడ్జెట్‌ను చదివితే

2025-26 కేంద్ర బడ్జెట్ పత్రాల్లో జెండర్ బడ్జెట్ కింద చూపిన మొత్తం 4.49 లక్షల కోట్ల రూపాయలు. మొత్తం బడ్జెట్‌లో అది 8.86 శాతం. అంతకు ముందు ఏడాది 3.27 లక్షల కోట్లు, 6.8 శాతం. ఏడాది తిరక్కుండానే మూడో వంతుకు పైగా పెరిగింది కదా అని సంబరపడేలోపు పత్రం తిరగేస్తే అసలు సంగతి కనబడుతుంది. ఆ ఏడాది 12 శాఖలు కొత్తగా ఈ పత్రంలోకి వచ్చి చేరాయి. ఆహార, ప్రజా పంపిణీ శాఖ వాటిలో ఒకటి, రైల్వే ఇంకొకటి. పెరుగుదలకు ఇదొక ముఖ్య కారణం. రేషన్ బియ్యం అంతకు ముందూ వచ్చేవి, ఆ తర్వాతా వస్తున్నాయి. మారింది లెక్క రాసే చోటు. కుప్పంలో చౌకదుకాణం ముందు వరసలో నిలబడ్డ ఆవిడ సంచిలో ఒక్క గింజ అదనంగా పడకుండానే ఢిల్లీ పత్రంలో మహిళల వాటా పెరిగింది.

ఇందులో మోసమేమీ లేదు. జెండర్ బడ్జెట్ అంటే మహిళల కోసం విడిగా కట్టిన డబ్బుమూట అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఉన్న బడ్జెట్‌నే ఇంకో కంటితో చదివి తయారుచేసిన పట్టిక. ఏ పథకంలో ఎంత భాగం ఆడవాళ్లకు చేరుతుందో శాఖలే అంచనా వేసి రాసిస్తాయి, ఆర్థిక శాఖ వాటిని కూడి ప్రచురిస్తుంది. కాబట్టి ఎక్కువ శాఖలు రాసిస్తే మొత్తం పెరుగుతుంది. శాఖలు ముందుకు రావడం మంచిదే. కానీ ఆ కూడిక ఫలితాన్ని మహిళలపై ఖర్చుగా చదివితే తప్పుదారి పడతాం.

ఈ పద్ధతి 1984లో ఆస్ట్రేలియాలో మొదలైంది. వర్ణవివక్ష పాలన ముగిశాక 1995లో దక్షిణాఫ్రికాలో పార్లమెంటు సభ్యులు, స్వచ్ఛంద సంస్థలు కలిసి చేపట్టారు. మన దగ్గర దీనికి ముందు మెట్టు తొమ్మిదో పంచవర్ష ప్రణాళికలోని మహిళా విభాగ ప్రణాళిక. మహిళలకు సంబంధమున్న రంగాల్లో కనీసం 30 శాతం నిధులు వారికి చేరాలన్నది అప్పటి మాట. 2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ పత్రం విడిగా వస్తోంది. ఆంధ్రప్రదేశ్ 2021-22లో తొలిసారి ఇలాంటి పత్రం తెచ్చి అందులో మహిళలకు 47,283 కోట్లు చూపించింది.

కేంద్ర పత్రంలో మొదటి నుంచీ రెండు భాగాలున్నాయి. మొదటి భాగంలో నూటికి నూరు శాతం మహిళలకే ఉద్దేశించిన పథకాలు, రెండో భాగంలో కనీసం 30 శాతం మహిళలకు చేరేవి. 30 శాతానికి లోపు ఉన్నవాటి కోసం 2024-25లో మూడో భాగం కలిపారు. చూడ్డానికి తేటగా ఉన్న ఈ విభజనలోనే రెండు చిక్కులున్నాయి.

మొదటిది, నూరు శాతం గడిలో ఏం పడుతుందన్నది. గ్రామీణ ఆవాస్ యోజన ఇళ్లను ఏళ్ల తరబడి ఈ మొదటి భాగంలోనే చూపిస్తూ వచ్చారు. ఇల్లు భార్య పేరునో, ఇద్దరి పేరునో మంజూరవుతుంది కాబట్టి అదొక వాదన. ఆస్తి మీద ఆడమనిషి పేరు ఉండటం చిన్న విషయం కాదు కూడా. కానీ ఇంట్లో ఉండేది కుటుంబమంతా. ఇంటి ఖర్చు మొత్తాన్ని మహిళల ఖాతాలో వేసుకుంటే మహిళలకే ప్రత్యేకంగా పెట్టే ఖర్చు ఎంత తక్కువో ఆ పెద్ద అంకె చాటున దాగిపోతుంది. మన రాష్ట్రంలో తల్లికి వందనం చూడండి. ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు. అందులో 13,000 తల్లి ఖాతాలో పడుతుంది, 2,000 బడి నిర్వహణకు పోతుంది. ఇది మహిళల పద్దా, పిల్లల పద్దా, విద్య పద్దా? మూడు చోట్లా వేసుకోవచ్చు, వేసుకుంటే మూడు చోట్లా ఒకే డబ్బు లెక్కకు వస్తుంది. దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. వంట కుటుంబానికి, పొగ మాత్రం ఆడవాళ్లకే కాబట్టి అందులో వాళ్ల వాటా ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది ఎవరో ఒకరు ఆలోచించి రాయాలి.

ఈ తికమక తీర్చుకోవడానికి పనికొచ్చే ప్రశ్నలు మూడు. పేరు ఎవరిది? చాకిరీ ఎవరికి తగ్గింది? డబ్బు మీద నిర్ణయం ఎవరిది? మూడింటికీ ఆడమనిషే జవాబైతే నూరు శాతం గడిలో వేయవచ్చు. పేరు ఒక్కటే ఆమెదైతే వేయకూడదు.

రెండో చిక్కు 30 అనే గీతది. లబ్ధిదారుల్లో ఆడవాళ్లెందరో రిజిస్టర్‌లో విడిగా లేని శాఖ ఏం చేస్తుంది? ఒక శాతం ఊహించి రాస్తుంది. అది 30 కావచ్చు, జనాభాలో సగం కదా అని 50 కావచ్చు. మరుసటి ఏడాది ఆ శాతమే మళ్లీ రాస్తుంది. ఒక పథకం వరసగా నాలుగేళ్లు ఖచ్చితంగా 30 శాతం, 30 శాతం అని చూపిస్తుంటే అది కొలిచిన అంకె కాదని అనుమానించాలి. కొలిచిన అంకె ఒక ఏడాది 27 అవుతుంది, ఇంకో ఏడాది 34 అవుతుంది. గుండ్రంగా నిలబడిపోయేది బల్ల దగ్గర కూర్చుని వేసిన అంకె.

శాతం ఊహించి రాయాల్సిన అవసరం ఎందుకొస్తోంది? ఈ వ్యవహారం మొత్తానికి మూలం ఆ ప్రశ్నలో ఉంది. ప్రభుత్వం ఖర్చు చేసే ప్రతి రూపాయికీ ఒక పద్దు నంబరు ఉంటుంది. మొదటి నాలుగు అంకెలు ప్రధాన పద్దు: 2202 సాధారణ విద్య, 2210 వైద్యం, 2215 తాగునీరు, పారిశుద్ధ్యం, 2235 సాంఘిక భద్రత, సంక్షేమం. ఆ తర్వాత ఉప ప్రధాన పద్దు రెండంకెలు, చిన్న పద్దు మూడంకెలు, ఇంకా కిందికి పోతే జీతాలకు 010 లాంటి వివర పద్దులు. 2235-02-103 అంటే మహిళా సంక్షేమం. అక్కడ పడిన డబ్బు జాడ ట్రెజరీలో ఇట్టే దొరుకుతుంది. షెడ్యూల్డ్ కులాల ఉప ప్రణాళికకు 789, గిరిజన ఉప ప్రణాళికకు 796 అనే చిన్న పద్దులు అన్ని రంగాల్లోనూ ఉన్నాయి. తాగునీటి పనిలో ఎస్సీ కాలనీకి పెట్టిన వాటా 2215 కింద 789లో విడిగా కనిపిస్తుంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ఉప ప్రణాళిక చట్టానికి పట్టు దొరకడానికి ఈ నంబర్లూ ఒక కారణం. మళ్లించారని గట్టిగా అడగాలంటే ముందు ఎక్కడ ఉండాల్సిందో తెలియాలి కదా.

మహిళల వాటాకు అలాంటి నంబరు లేదు. 2235-02-103 దాటి బయటికొస్తే బస్సులో, నీటిలో, వీధి దీపంలో, డ్రిప్ సబ్సిడీలో ఆడవాళ్లకు ఎంత పోయిందో పద్దు చెప్పదు. జెండర్ బడ్జెట్ పత్రం పద్దుల పుస్తకానికి బయట కూర్చుని తయారుచేసే పట్టిక. బిల్లు పెట్టే డ్రాయింగ్ అధికారికి గానీ, పాస్ చేసే ట్రెజరీకి గానీ, ఆడిట్‌కు వచ్చేవారికి గానీ ఆ పట్టికతో పనిలేదు. అందువల్ల కేటాయింపుల పత్రం ఏటా ఘనంగా వస్తుంది, ఎంత ఖర్చయిందో చెప్పే పత్రం అంత ఘనంగా రాదు.

ఖర్చయినా దేనికయిందో చూడాలి. బేటీ బచావో బేటీ పఢావో మహిళల పథకం అనడంలో ఎవరికీ సందేహం లేదు. 2016 నుంచి 2019 దాకా విడుదలైన 446.72 కోట్లలో 78.91 శాతం ప్రచారానికే పోయిందని మహిళా సాధికారతపై పార్లమెంటు కమిటీ 2021లో తేల్చింది. నూరు శాతం గడిలోని డబ్బు కూడా హోర్డింగు అయిపోవచ్చు.

ఢిల్లీ, అమరావతి పత్రాలను పక్కన పెట్టి తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోకి వస్తే లెక్కలు చిన్నవవుతాయి, చేతికి అందుతాయి.

స్త్రీ శక్తి పథకంతో మొదలుపెడదాం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తాడు. ఆ టికెట్ల విలువ లెక్కగట్టి ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. నూరు శాతం గడికి ఇంతకన్నా చక్కగా సరిపోయే పథకం దొరకదు: పేరు ఆమెది, మిగిలిన చార్జీ డబ్బు ఆమెది, ఎక్కడికి పోవాలన్న నిర్ణయమూ చాలావరకు ఆమెదే. దీని పరిమితి వేరే చోట ఉంది. బస్సు వచ్చే ఊరికే డబ్బు పోతుంది. రాత్రి ఎనిమిదికి తిరుపతిలో బట్టల దుకాణం మూసేశాక పాకాల వైపో, పుత్తూరు వైపో లోపలి పల్లెకు పోవాల్సిన అమ్మాయికి ఆఖరి బస్సు ఏడింటికే వెళ్లిపోతే ఆమె వాటా సున్నా. షేర్ ఆటోకు పెట్టే డబ్బు ఆమె జేబులోంచే పోతుంది.

ఈ పథకంలో చాలామంది పట్టించుకోని లాభం ఒకటుంది. టికెట్ మిషన్‌లో ప్రతి జీరో టికెట్‌కూ రూటు, ఎక్కిన స్టేజీ, దిగిన స్టేజీ, సమయం పడతాయి. ఆడవాళ్లు ఏ వేళ ఎక్కడికి పోతున్నారో గంటవారీగా చెప్పే లెక్క ఇంతకు ముందు ఏ శాఖ దగ్గరా లేదు, ఇప్పుడు డిపోలో ఊరికే పోగవుతోంది. సాయంత్రం ఆరు తర్వాత ఏ రూటులో జీరో టికెట్లు ఉన్నట్టుండి పడిపోతున్నాయో చూస్తే ఎక్కడ బస్సు వేయాలో తేలిపోతుంది. తడ, సత్యవేడు, సూళ్లూరుపేట చుట్టుపక్కల శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుల్లో పనిచేసే అమ్మాయిలు వేలల్లో ఉన్నారు. వాళ్ల ఊళ్ల నుంచి బస్టాపు దాకా వీధి దీపాలు, రాత్రి రూటు, పిల్లలున్నవాళ్లకు శిశు సంరక్షణ కేంద్రం, ఇవన్నీ వేర్వేరు శాఖల పద్దులు. మహిళా శిశు సంక్షేమ శాఖ పద్దు ఒక్కటే చూసుకుంటే వీటిలో ఏదీ కనబడదు.

ఇక పట్టణంలో అందరికీ తెలిసిన గొడవ, మార్కెట్లో మరుగుదొడ్డి. లెక్క అర్థం కావడానికి అంకెలు ఊహించి వేద్దాం. కూరగాయల మార్కెట్ దగ్గర ఆడవాళ్ల కోసం నాలుగు గదుల మరుగుదొడ్డి కట్టడానికి 12 లక్షలు అయిందనుకోండి. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉంచాలంటే రెండు షిఫ్టులు. ఇద్దరు మనుషులు, వాళ్ల వారం సెలవు రోజున బదులు వచ్చే మనిషి, నెలకు 35,000. రోజుకు 400 మంది వస్తే మనిషికి 8 లీటర్ల చొప్పున 3,200 లీటర్ల నీళ్లు. కుళాయి కనెక్షన్ ఉంటే సరే, లేకపోతే ట్యాంకర్. ఫినాయిల్, బ్లీచింగ్, సబ్బుకు 5,000, కరెంటుకు 2,500, విరిగిన గొళ్లేలు, కారే కుళాయిలు, సెప్టిక్ ట్యాంకు తోడించడానికి సగటున 4,000, నీటికి 3,500. నెలకు మొత్తం 50,000, ఏడాదికి 6 లక్షలు. రెండేళ్లలో నిర్వహణ ఖర్చు కట్టుబడి ఖర్చుతో సమానమవుతుంది.

కట్టడానికి డబ్బు ఏదో ఒక గ్రాంటులోంచి వస్తుంది. ఫొటో, శిలాఫలకం, ప్రారంభోత్సవం ఉంటాయి. నిర్వహణకు ఏడాదికి 6 లక్షలు మున్సిపాలిటీ సాధారణ నిధుల్లోంచే రావాలి, దానికి విడిగా ఒక వరస బడ్జెట్‌లో రాయకపోతే అది పారిశుద్ధ్యం అనే పెద్ద పద్దులో కలిసిపోయి కనబడకుండా పోతుంది. అప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. తాళం పడుతుంది, లేదా కాంట్రాక్టర్‌కు వేలంలో ఇస్తారు. మనిషికి 5 రూపాయలైతే రోజుకు 400 మందికి నెలకు 60,000, అతనికి గిట్టుబాటు అవుతుంది. మగవాళ్ల మూత్రశాల చాలా చోట్ల ఉచితం. ఆడవాళ్లకు విడిగా మూత్రశాల కట్టరు కాబట్టి దేనికి పోయినా గది చార్జీయే. పొద్దుటి నుంచి రాత్రి దాకా కూరగాయలు అమ్ముకునే ఆవిడ రోజుకు మూడుసార్లు పోతే 15 రూపాయలు, నెలకు 26 రోజులకు 390. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి ఆమె చేసే పని నీళ్లు తాగడం తగ్గించడం. మూత్రనాళ ఇన్ఫెక్షన్ ఖర్చు ఏ పద్దులోనూ లేదు, ఆమె నడుముకు దోపుకున్న సంచిలోంచి పోతుంది.

ఆదాయం వైపు కూడా జెండర్ ప్రశ్న వేయాలనడానికి ఇదే ఉదాహరణ. పన్నులు, రుసుములు మగ ఆడ తేడా లేకుండా కాగితం మీద ఒకటే, భారం ఒకటి కాదు. శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీని 2018 జూలైలో ఎత్తేయడం ఇలాంటి ప్రశ్నకు వచ్చిన జవాబే. మార్కెట్లో గది చార్జీ ఎత్తేయడానికి జీఎస్టీ కౌన్సిల్ అక్కర్లేదు, మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం చాలు. తిరుపతి కార్పొరేషన్‌లో 50 డివిజన్లు. రాష్ట్ర చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. వీధి వ్యాపారుల చట్టం, 2014 ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులు, వారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ కమిటీ ముందు పెట్టాల్సిన మొదటి కాగితం ఈ నిర్వహణ లెక్కే.

పల్లెల్లో చిక్కు వేరే రూపంలో ఉంటుంది. వ్యవసాయ శాఖ డబ్బు పాసుపుస్తకం వెంట నడుస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల పేరున ఉన్న కమతాలు 14 శాతం దగ్గర. వేరుశనగ కలుపు తీసేదీ, కాయ కోసేదీ, పాలు పితికేదీ ఎవరన్నది చిత్తూరు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. అవసరమైన నిర్ణయమే. ఆ 4 రూపాయలు తోట ఎవరి పేరున ఉంటే వారి ఖాతాకు పోతాయి. బంగారుపాళెం చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ రెండు మూడు నెలలూ కాయ కడిగి, కోసి, ఏరే కూలీల్లో ఆడవాళ్లే ఎక్కువ. కొనుగోళ్లు నిలిచిపోతే వాళ్లకు పోయే కూలి రోజులకు ఏ వరసా లేదు. జెండర్ బడ్జెట్ చేసేవాళ్లు ఇక్కడ చేయాల్సిన పని ధర మద్దతును తప్పుబట్టడం కాదు. పథకం రాసేటప్పుడే దాని పక్కన కూలీ రోజుల లెక్క కూడా అడగడం.

పాడి విషయంలో ఇంకా సులువు. పాల కేంద్రంలో సభ్యత్వం, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉన్నాయో చూస్తే చాలు. గేదె ఆవిడ పేరున డ్వాక్రా అప్పుతో కొని, పాల బిల్లు మాత్రం భర్త ఖాతాలో పడుతుంటే పశుసంవర్ధక శాఖ 50 శాతం మహిళలకు అని రాసినా దానికి విలువ లేదు. దాణా సబ్సిడీ దరఖాస్తులో ఖాతాదారు ఎవరన్న ఒక్క గడి కలిపితే నిజం బయటపడుతుంది.

కొన్ని పద్దుల్లో కేటాయింపు ఉన్నా రేటు గడ్డకట్టి ఉంటుంది. అంగన్‌వాడీ పోషకాహారానికి 2017లో ఖరారు చేసిన కేంద్ర ప్రమాణాలు పిల్లవాడికి రోజుకు 8 రూపాయలు, గర్భిణికి 9.50, తీవ్ర లోపపోషణ ఉన్న బిడ్డకు 12. వితంతు పింఛనులో కేంద్రం వాటా 2012 నుంచి 300 రూపాయలే, మన దగ్గర 4,000 అందుతోందంటే మిగతాది రాష్ట్రం భరించడం వల్ల. లబ్ధిదారుల సంఖ్య పెరగడంతో మొత్తం కేటాయింపు ఏటా పెరిగినట్టు కనిపిస్తుంది, ఒక్కొక్కరికి దక్కే విలువ కరిగిపోతుంటుంది. అందుకే కేటాయింపును తలసరి లెక్కలోకి మార్చి, ఆ ఏడాది కందిపప్పు, నూనె ధరల పక్కన పెట్టి చూడాలి.

ఆ పోషకాహారం వండి పెట్టే మనిషి సంగతీ అంతే. అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనంలో కేంద్రం లెక్క 2018 నుంచి 4,500, ఆయాకు 2,250. రాష్ట్రం 2019లో టీచర్‌కు 11,500, ఆయాకు 7,000 చేసింది. 2023 డిసెంబర్‌లో మొదలైన సమ్మె 42 రోజులు నడిచింది. గౌరవ వేతనం కాబట్టి పీఆర్సీ (వేతన సవరణ) లేదు. బడ్జెట్లో మహిళలకు పెద్ద మొత్తం చూపే శాఖే ఆడవాళ్ల చవక శ్రమ మీద నడవడం ఈ పత్రాల్లో ఎక్కడా కనిపించని వైరుధ్యం. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. అంగన్‌వాడీ మధ్యాహ్నం మూసేస్తే ఆ నిమిషాలు పెరుగుతాయి, సాయంత్రం దాకా శిశు సంరక్షణ కేంద్రంగా నడిస్తే తగ్గుతాయి. కేంద్రం తెచ్చిన పాల్నా పథకంలో అంగన్‌వాడీలనే ఇలా నడిపే వీలుంది. అదనపు మనిషికి జీతం వరస రాయకుండా ఉన్న టీచర్ నెత్తిన వేస్తే మాత్రం పాత తప్పే మళ్లీ చేసినట్టు.

డబ్బు మీద చేయి వేయగల సమయం ఏడాదిలో కొద్దిగానే ఉంటుంది. బడ్జెట్ సమర్పించే ఫిబ్రవరి, మార్చిల్లో అడిగితే ఆలస్యమైపోయినట్టే. రాష్ట్ర శాఖలు తర్వాతి ఏడాది అంచనాలు పంపేది అంతకు ముందు నెలల్లో, కార్తీకం, మార్గశిరం రోజుల్లో. జిల్లా అధికారి దగ్గర అంచనా తయారయ్యేటప్పుడు చేరని వరస అసెంబ్లీలో చేరడం అరుదు. పంచాయతీలకు గ్రామ అభివృద్ధి ప్రణాళిక గ్రామసభలు అక్టోబర్ 2న మొదలవుతాయి. ప్రణాళికకు పెట్టిన తొమ్మిది ఇతివృత్తాల్లో మహిళా స్నేహపూర్వక గ్రామం ఒకటి. గ్రామసభకు ముందు మహిళా సభ విడిగా జరపాలి. చాలా చోట్ల జరిగేది డ్వాక్రా సమావేశం రోజున అదే రిజిస్టర్‌లో ఇంకో పేజీ సంతకాలు. అది నిజంగా జరిగిందో లేదో పసిగట్టడానికి సులువైన గుర్తు, మహిళా సభలో అడిగిన పనికి పంచాయతీ పనులు నమోదయ్యే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఒక పని నంబరు, ఒక అంచనా మొత్తం ఉన్నాయా లేదా అన్నది.

2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసి ఇచ్చారు. దీన్ని అడ్డంకిగా చూడక్కర్లేదు. నీళ్లు మోసేది ఎవరో తెలిసిందే కాబట్టి కట్టేసిన ఆ వాటాలోనే కుళాయి ఏ వీధి దాకా రావాలి, ఏ వేళ వదలాలి అన్నది ఆడవాళ్లు తేల్చవచ్చు. పొద్దున నాలుగింటికి నీళ్లు వదిలే పంచాయతీలో ఉపాధి పనికో, ఫ్యాక్టరీ షిఫ్టుకో పోవాల్సిన ఆవిడకు నిద్ర కరవవుతుంది. వేళ మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. జిల్లా పరిషత్, మండల పరిషత్ సాధారణ నిధుల్లో 15 శాతం మహిళా, శిశు సంక్షేమానికి విడిగా ఉంచాలన్న నిబంధన కూడా ఉంది. అది తరచూ కుట్టు మిషన్లుగా మారుతుంది. కుట్టు మిషన్ చెడ్డదని కాదు. మార్చి నెలలో నిధి మురిగిపోకుండా తొందరగా కొనగలిగేది అదొక్కటే అవుతోంది. జూన్‌లోనే పని గుర్తించి అంచనా వేయించి ఉంటే ఆ డబ్బే మూడు అంగన్‌వాడీలకు ప్రహరీ అయ్యేది.

బడ్జెట్ పుస్తకంలో ఏ వరస చూసినా అంకెలు మూడు రకాలు: రాబోయే ఏడాది అంచనా, నడుస్తున్న ఏడాది సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు. పత్రికల్లో పడేది మొదటిది. చదవాల్సింది మూడోది ముందు, తర్వాత రెండోది. అంచనా 10 కోట్లు, సవరించింది 4, రెండేళ్ల కిందటి వాస్తవం 3 కోట్లు ఉంటే మళ్లీ రాసిన 10 కోట్లను 3గానే తీసుకోవాలి. వాస్తవం తగ్గడానికి కారణాలు కొన్నే. విడుదల ఉత్తర్వు ఆలస్యం. కేంద్రం వాటా వచ్చినా రాష్ట్రం సరిజోడు వాటా జమ చేయకపోవడం. రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు ఎక్కించినా చెల్లింపు వరసలో నిలిచిపోవడం. రెండుసార్లు పిలిచినా టెండర్ పడకపోవడం. ఈ నాలుగిట్లో ఏది జరిగిందో తెలియకుండా నిధులివ్వలేదని అరిస్తే ఏ అధికారి దగ్గరికి పోవాలో కూడా తెలియదు. టెండర్ పడకపోతే లోపం అంచనా రేట్లలో, బిల్లు ఆగితే ఆర్థిక శాఖలో, సరిజోడు వాటా రాకపోతే సచివాలయంలో ఉంటుంది.

మహిళా సమాఖ్య గానీ, కార్పొరేటర్ గానీ, కాలేజీ విద్యార్థుల బృందం గానీ ఈ పని మొదలుపెట్టాలంటే మొత్తం బడ్జెట్ జోలికి పోనక్కర్లేదు. ఒక్క పద్దు చాలు. ఎంచుకునేటప్పుడు చూడాల్సింది, అది స్థానికంగా నిర్ణయమయ్యేదా, రోజూ ఆడవాళ్లు వాడేదా, మూడేళ్ల లెక్కలు దొరుకుతాయా అన్నది. వీధి దీపాల నిర్వహణ, మార్కెట్ మరుగుదొడ్లు, అంగన్‌వాడీ అద్దెలు ఇందుకు బాగా సరిపోతాయి. ఆశా వేతనాలు, పింఛన్లు సరిపోవు. వాటి నిర్ణయం పైన ఉంది.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. ‘మహిళలకు ఎంత ఖర్చు చేశారు’ అని అడిగితే ‘అందరికీ సమానంగా’ అన్న జవాబొస్తుంది, దాంతో చేసేదేమీ లేదు. అడగాల్సింది ఇలా: ఫలానా పద్దు కింద గడచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు, ఆ ఖర్చుతో చేసిన పనుల జాబితా, ఒక్కో పని చిరునామా, లబ్ధిదారుల రిజిస్టర్‌లో స్త్రీ, పురుష సంఖ్య, పెండింగులో ఉన్న బిల్లుల మొత్తం. చివరిదాన్ని అడగడం చాలామంది మర్చిపోతారు, వాస్తవ ఖర్చు తక్కువగా కనిపించడానికి సగం కారణం అక్కడే దొరుకుతుంది.

స్త్రీ, పురుష సంఖ్యకు ‘విడిగా నమోదు చేయలేదు’ అని జవాబొస్తే ఆ కాగితాన్ని పారేయకూడదు. అదే శాఖ జెండర్ బడ్జెట్ పత్రంలో తన పథకానికి శాతం రాసి ఉంటే, లెక్కే లేని చోట ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందని తర్వాతి కౌన్సిల్ సమావేశంలోనో, మండల సర్వసభ్య సమావేశంలోనో రాతపూర్వకంగా అడగవచ్చు. రిజిస్టర్‌లో ఇంకో గడి గీయడానికి కావాల్సింది స్కేలు, పెన్ను, అధికారి సంతకంతో ఒక మెమో. దానికి ఏ పద్దులోంచీ నిధులు విడుదల కానక్కర్లేదు.